వెన్నుపాము, మధ్యమెదడు మధ్య నాడీమార్గాలు: పుస్తకంలో రెండు లైన్లే ఎందుకు?

పాలమూరు పిల్ల (ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, మహబూబ్‌నగర్)

అందరికీ నమస్తే. మాకు న్యూరోఅనాటమీ మొదలైంది. స్పైనోథాలమిక్, డార్సల్ కాలమ్, కార్టికోస్పైనల్ ట్రాక్టుల (నాడీ తంతువుల దారుల) గురించి క్లాసులో బాగా చెప్పారు, బొమ్మలు కూడా వేయించారు. స్పైనోటెక్టల్, టెక్టోస్పైనల్, రూబ్రోస్పైనల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కోదానికి రెండు లైన్లు చెప్పి ముందుకు పోయారు. ఎక్కడ పుడుతుంది, ఎక్కడ దాటుతుంది, ఎక్కడ ఆగుతుంది అని బట్టీ పడితే మార్కులు వస్తాయని సీనియర్లు అంటున్నారు. బట్టీ పట్టాను, రెండు రోజులకే అన్నీ కలిసిపోయాయి. అసలు ఈ చిన్న ట్రాక్టులు మనిషికి ఏం పని చేస్తాయి? మధ్యమెదడు మీదుగా పోయే ప్రతి ట్రాక్టునూ మధ్యమెదడు ట్రాక్టు అనవచ్చా? ఎవరైనా ఓపికగా చెప్తే చాలా మేలు.

నల్లగొండ అనాటమీ సార్

అమ్మా, రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. అది తేలితే మొదటిది సులువవుతుంది.

మధ్యమెదడు పొడవు సుమారు 2 సెంటీమీటర్లు. వెన్నుపాము పెద్దవాళ్లలో 42 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. ఇంత చిన్న మధ్యమెదడులోంచి కిందికీ పైకీ లక్షల తంతువులు పోతాయి. వాటిలో ఎక్కువ భాగం అక్కడ ఆగవు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే బస్సు జడ్చర్ల మీదుగానే పోతుంది, అంతమాత్రాన అది జడ్చర్ల బస్సు కాదు గదా. మెదడు పై పొర నుంచి వెన్నుపాముకు దిగే కార్టికోస్పైనల్ ట్రాక్టు అలాంటిది. మధ్యమెదడు ముందు భాగంలోని క్రస్ సెరెబ్రైలో, ఐదు వంతుల్లో నడిమి మూడు వంతుల స్థలంలోంచి దిగుతుంది. అక్కడ ఒక్క సైనాప్స్ (ఇంకో న్యూరాన్‌తో కలయిక) కూడా చేయదు. స్పర్శ కబురు మోసే మీడియల్ లెమ్నిస్కస్ కూడా అంతే, రెడ్ న్యూక్లియస్ పక్కనుంచి థాలమస్‌కు వెళ్లిపోతుంది.

మధ్యమెదడులో నిజంగా దిగేవి, అక్కడి నుంచి నిజంగా బయలుదేరేవి వేరే ఉన్నాయి. నువ్వు అడుగుతున్నది వాటి గురించే. వాటిని మూడు జాగాలతో గుర్తుపెట్టుకో. వెనుక వైపు పైకప్పు, అంటే టెక్టమ్, అందులో సుపీరియర్ కాలిక్యులస్. నడుమ ఎర్రగా కనిపించే రెడ్ న్యూక్లియస్. సెరెబ్రల్ అక్విడక్ట్ అనే సన్నటి కాలువ చుట్టూ ఉన్న బూడిదరంగు పదార్థం, దాన్ని పెరిఅక్విడక్టల్ గ్రే అంటారు, పొట్టిగా పీఏజీ. వెన్నుపాము ఈ మూడింటిలో మొదటిదానికీ మూడోదానికీ కబుర్లు పంపుతుంది. మొదటిదీ రెండోదీ వెన్నుపాముకు నేరుగా ఆజ్ఞలు పంపుతాయి. మూడోది మెడుల్లా, అంటే మెదడు కాండం అడుగు భాగం, ద్వారా పంపుతుంది.

ఇప్పుడు స్పైనోటెక్టల్. చర్మం మీద నొప్పి, వేడి, గుచ్చుకోవడం లాంటివి డార్సల్ రూట్ గాంగ్లియాన్‌లోని న్యూరాన్ ద్వారా వెన్నుపాము వెనుక కొమ్ముకు చేరతాయి. అక్కడ రెండో న్యూరాన్ మొదలై, యాంటీరియర్ వైట్ కమిషర్ గుండా అవతలి పక్కకు దాటి, స్పైనోథాలమిక్ తంతువులతో కలిసి ముందు-పక్క భాగంలో పైకెక్కుతుంది. స్పైనోథాలమిక్ తంతువులు థాలమస్ దాకా పోతాయి. స్పైనోటెక్టల్ తంతువులు మధ్యమెదడులోనే ఆగి, సుపీరియర్ కాలిక్యులస్ లోతు పొరల్లో ముగుస్తాయి. అదే గుంపులోని మరికొన్ని పీఏజీకి వెళ్తాయి. అందుకే ఇప్పుడు చాలామంది మొత్తాన్ని కలిపి స్పైనోమెసెన్సెఫాలిక్ ట్రాక్ట్ అంటున్నారు. నాకూ ఆ పేరే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే టెక్టమ్ కంటే పీఏజీకి పోయే తంతువుల పని తక్కువదేమీ కాదు.

సుపీరియర్ కాలిక్యులస్ లోతు పొరలు ఎందుకు అని అడగాలి నువ్వు. పై పొరల్లోకి కంటి నుంచి సమాచారం వస్తుంది. లోతు పొరల్లో చూపు, వినికిడి, స్పర్శ మూడూ ఒకే చోట కలుస్తాయి. శరీరం చుట్టూ ఏ దిక్కున ఏం జరిగిందో తెలిపే పటం ఒకటి అక్కడ ఉంటుంది. చేతి మీద ఏదో కుట్టిందంటే, అది ఏమిటో తెలియకముందే కళ్లూ తలా అటు తిరుగుతాయి చూడు, దానికి సమాచారం అందించే దారుల్లో స్పైనోటెక్టల్ ఒకటి. తిరగమని మెడకు చెప్పే దారి టెక్టోస్పైనల్.

పాలమూరు పిల్ల

సార్, చాలా థాంక్స్. ఒక్క సందేహం. స్పైనోటెక్టల్ వెన్నుపాములో దాటుతుంది. టెక్టోస్పైనల్ కూడా దాటుతుంది అని ఉంది. రెండూ దాటితే మళ్లీ మొదటి వైపుకే వస్తుంది కదా? మరి రెండుసార్లు దాటడం ఎందుకు?

న్యూరో పీజీ (హైదరాబాద్‌లో చదువు, సొంతూరు దేవరకొండ)

చెల్లె, నువ్వు పట్టుకున్నదే అసలు పాయింట్. మొదటి వైపుకే రావాలి, అందుకే రెండుసార్లు.

ఎడమ చేతి మీద తేలు కుట్టిందనుకో. కబురు వెన్నుపాములో కుడి పక్కకు దాటి, కుడి సుపీరియర్ కాలిక్యులస్‌కు చేరుతుంది. కుడి కాలిక్యులస్‌లో ఉన్నది ఎడమ ప్రపంచపు పటం. ఎడమ పక్క కనిపించేవీ వినిపించేవీ కూడా అక్కడికే ఎక్కువగా వస్తాయి. తల ఇప్పుడు ఎడమకు తిరగాలి. కాబట్టి కుడి కాలిక్యులస్ నుంచి బయలుదేరిన టెక్టోస్పైనల్ తంతువులు మధ్యమెదడులోనే, అక్విడక్ట్‌కు ముందు వైపున ఎడమకు దాటుతాయి. దాన్ని డార్సల్ టెగ్మెంటల్ డికసేషన్ అంటారు, మేనర్ట్ పేరుతో కూడా పిలుస్తారు. దాటాక మీడియల్ లాంగిట్యూడినల్ ఫాసికులస్‌కు ముందుగా, నడిమి గీతకు దగ్గరగా దిగి, వెన్నుపాము ముందు భాగంలోంచి మెడ పై సెగ్మెంట్లకు చేరతాయి. అక్కడ మెడ కండరాల న్యూరాన్లకు సమీపంలోని మధ్య న్యూరాన్ల మీద ముగుస్తాయి. ఎడమ పక్క మెడ వెనకున్న స్ప్లీనియస్ కండరం బిగిస్తే తల ఎడమకు తిరుగుతుంది. లెక్క సరిపోయింది.

ఇంకోటి గమనించు. టెక్టోస్పైనల్ నడుము దాకా దిగదు, మెడ దగ్గరే దాదాపుగా అయిపోతుంది. తల తిప్పడం మెడ పని కాబట్టి. ట్రాక్టు ఎంత దూరం దిగుతుందో చూస్తే దాని పని ఏమిటో సగం తెలిసిపోతుంది. కార్టికోస్పైనల్ కాలి వేలి దాకా పని చేయాలి, అందుకే శాక్రల్ సెగ్మెంట్ల దాకా దిగుతుంది.

స్టాఫ్ నర్స్ (నాగర్‌కర్నూల్)

మంచి చర్చ పెట్టారు. నాది పరీక్ష ప్రశ్న కాదు, డ్యూటీలో రోజూ చూసేది. తలకు దెబ్బ తగిలి కోమాలో ఉన్న పేషెంట్లకు స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో స్కోర్ వేస్తాం. గిచ్చితే చేతులు మోచేతి దగ్గర ముడుచుకుంటే మోటార్ స్కోర్ 3, చేతులు బిగుసుకుని చాచుకుంటే 2. డ్యూటీ మారేటప్పుడు 3 ఉన్న పేషెంట్ తెల్లారేసరికి 2కి పడిపోతే డాక్టర్లు పరిగెత్తుకొస్తారు. ఒక్క నంబరే కదా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. ఇదంతా రెడ్ న్యూక్లియస్ వల్లనే అని ఎక్కడో చదివాను. సరిగ్గా ఎవరైనా చెప్పండి.

న్యూరో పీజీ

అక్కా, ఆ ఒక్క నంబరు వెనుక మధ్యమెదడే ఉంది. పుస్తకాల్లో ఉండే వివరణ చెప్తాను.

రెడ్ న్యూక్లియస్ సుపీరియర్ కాలిక్యులస్ ఎత్తులో ఉంటుంది. దాంట్లోని పెద్ద కణాల నుంచి రూబ్రోస్పైనల్ ట్రాక్టు పుట్టి, వెంటనే వెంట్రల్ టెగ్మెంటల్ డికసేషన్‌లో దాటి, వెన్నుపాము పక్క భాగంలో, లాటరల్ కార్టికోస్పైనల్‌కు కొంచెం ముందుగా దిగుతుంది. చేతులు ముడిచే కండరాలకు అది ఉత్తేజం ఇస్తుంది. కింద పాన్స్, మెడుల్లా దగ్గరున్న వెస్టిబ్యులర్ న్యూక్లియస్‌ల నుంచి దిగేవి చాచే కండరాలను బిగిస్తాయి.

దెబ్బ రెడ్ న్యూక్లియస్‌కు పైన ఉంటే, మెదడు పై పొరల అదుపు పోయినా రూబ్రోస్పైనల్ మిగిలి ఉంటుంది. చేతులు ముడుచుకుంటాయి, కాళ్లు చాచుకుంటాయి. దెబ్బ కిందికి దిగి రెడ్ న్యూక్లియస్‌కూ వెస్టిబ్యులర్ న్యూక్లియస్‌లకూ నడుమ పడితే ముడిచే శక్తి పోతుంది, చాచేది మాత్రం అడ్డు లేకుండా పని చేస్తుంది. చేతులూ కాళ్లూ అన్నీ చాచుకుంటాయి. అందుకే 3 నుంచి 2కు పడిందంటే, వాపో రక్తస్రావమో పై నుంచి కిందికి మధ్యమెదడును నొక్కుకుంటూ వస్తోందని అర్థం. ఇంకా కిందికి పోతే ఊపిరి కేంద్రాలే. మీరు ఆ మార్పును రాసిపెట్టి వెంటనే ఫోన్ చేయడం ప్రాణం నిలబెట్టే పని.

అలాగే కంటిపాపలు కూడా చూస్తారు కదా. మూడో కపాల నాడి కేంద్రకం కూడా అదే ఎత్తులో ఉంటుంది. ఒక పాప పెద్దదై వెలుతురుకు స్పందించకపోతే, అదే చోట నొక్కుడు మొదలైందని ఇంకో సాక్ష్యం.

ఈ చాచుకుని బిగుసుకుపోవడాన్ని మొదట వివరంగా రాసింది షెర్రింగ్టన్, 1898లో, పిల్లుల మీద ప్రయోగాలతో. గ్లాస్గో స్కోర్ టీస్‌డేల్, జెన్నెట్ 1974లో తెచ్చారు. నడుమ ఇన్నేళ్లు గడిచినా మంచం పక్కన నిలబడి చూసేది అదే భంగిమ.

మిర్యాలగూడ ఫిజియో

రెడ్ న్యూక్లియస్ మాట వచ్చింది కాబట్టి నేను కూడా ఒకటి చెప్తా. పక్షవాతం వచ్చిన పేషెంట్ చేయి మోచేతి దగ్గర ముడుచుకుని, వేళ్లు బిగుసుకుని ఉంటాయి. కార్టికోస్పైనల్ పోయింది, రూబ్రోస్పైనల్ మిగిలింది, అందుకే ముడుచుకుంటోందని మాకు చదివేటప్పుడు చెప్పారు. రూబ్రోస్పైనల్‌ను ఉపయోగించుకుని చేతిని తిరిగి నేర్పించవచ్చని నా నమ్మకం. కోతుల మీద లారెన్స్, కైపర్స్ 1968లో చేసిన ప్రయోగాల్లో పిరమిడల్ ట్రాక్టు (అంటే కార్టికోస్పైనల్) కోసేశాక కూడా కోతులు చేతిని చాపి తిండి అందుకోగలిగాయి, రూబ్రోస్పైనల్ దెబ్బతింటే మాత్రం చేయి పని బాగా తగ్గింది. దీన్ని చిన్న ట్రాక్టు అని పక్కన పెట్టడం నాకు నచ్చదు.

న్యూరో పీజీ

అన్నా, కోతుల వరకు మీ మాట నిజం. మనిషిలో మాత్రం ఒప్పుకోలేను. మనిషి రెడ్ న్యూక్లియస్‌లో పెద్ద కణాల భాగం చాలా చిన్నది. చిన్న కణాల భాగమే పెద్దది, అది వెన్నుపాముకు పోదు, సెంట్రల్ టెగ్మెంటల్ ట్రాక్ట్ ద్వారా అదే వైపు ఇన్ఫీరియర్ ఆలివ్‌కు, అక్కడి నుంచి చిన్నమెదడుకు పని చేస్తుంది. నాథన్, స్మిత్ 1982లో చనిపోయినవారి మెదళ్లు, వెన్నుపాములు పరిశీలించి, మనిషిలో రూబ్రోస్పైనల్ తంతువులు కొద్దివే అని, మెడ పై సెగ్మెంట్లు దాటి పోయేవి లేనట్టేనని చూపారు. పక్షవాతంలో చేయి ముడుచుకోవడానికి ఎక్కువగా బాధ్యత మెదడు కాండం నుంచి దిగే రెటిక్యులోస్పైనల్ దారులదే అని ఇప్పుడు వస్తున్న పరిశోధన చెప్తోంది. మీరు చేయించే వ్యాయామాలు పనికొస్తాయి, అందులో సందేహం లేదు. కానీ దానికి కారణం రూబ్రోస్పైనల్ అని పేషెంట్‌కు చెప్పొద్దు.

మిర్యాలగూడ ఫిజియో

పేషెంట్‌కు నేనెప్పుడూ ట్రాక్టు పేరు చెప్పను తమ్మీ. మనిషిలో చిన్నదే అనేది ఒప్పుకుంటా, లేనే లేదనేది ఒప్పుకోను. పెద్ద దారి తెగినప్పుడు మిగిలిన కొద్ది తంతువులు కూడా విలువైనవే. రెటిక్యులోస్పైనల్ సంగతి చదువుతాను.

నల్లగొండ అనాటమీ సార్

ఇద్దరూ చెప్పింది అవసరమే. విద్యార్థులు ఒక్క సంగతి పట్టుకోండి: వెన్నుపాము అడ్డుకోత బొమ్మల్లో రూబ్రోస్పైనల్‌ను పెద్ద గడిలా వేస్తారు. ఆ బొమ్మల్లో చాలా భాగం పిల్లి, కోతి వెన్నుపాము నుంచి వచ్చిన సమాచారంతో వేసినవి. మనిషి బొమ్మ వేసేటప్పుడు దాన్ని సన్నగా వేయండి, మెడ దగ్గర మాత్రమే వేయండి. నడుము సెగ్మెంట్ బొమ్మలో టెక్టోస్పైనల్ వేస్తే మాత్రం నేను మార్కు తీసేస్తాను.

మునుగోడు వాసి

నేను డాక్టర్‌ను కాదు, చిన్న కిరాణం నడుపుతాను. మీ మాటలు సగం అర్థమయ్యాయి. మా నాయినకు 60 దాటాయి. ముందు నుంచీ బోరు నీళ్లే తాగిన మనిషి. నడుము వంగిపోయింది, మెడ తిరగదు, పక్కన ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. ఈ మధ్య నడిస్తే కాళ్లు బిగుసుకుపోతున్నాయి, చెప్పు జారిపోయినా తెలుస్తలేదు, గుండీ పెట్టుకోవడం కష్టమవుతోంది. ఫ్లోరైడ్ మెదడుకు ఎక్కిందా? మెడ తిప్పే నరం ఏదో మధ్యమెదడులో ఉందన్నారు కదా, అది పాడైందా?

న్యూరో పీజీ

అన్నా, మీరు రాసింది చదివితే మెదడు కంటే మెడ మీదే ఎక్కువ అనుమానం వస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను, అందుకే త్వరగా చూపించండి.

ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. ఎముక గట్టిపడి మందమవుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా మారతాయి. ముఖ్యంగా వెన్నుపాముకు ముందున్న పోస్టీరియర్ లాంగిట్యూడినల్ లిగమెంట్, వెనకున్న లిగమెంటమ్ ఫ్లేవమ్. రెండు వైపుల నుంచీ స్థలం తగ్గి వెన్నుపాము నలుగుతుంది. అంటే ఫ్లోరైడ్ నేరుగా నరాన్ని తినేయడం కాదు, ఎముక పెరిగి నొక్కడం. మన నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

మెడ తిరగకపోవడం టెక్టోస్పైనల్ పాడై కాదు, ఎముకలు అతుక్కుని. ఆజ్ఞ వస్తోంది, కీలు కదలడం లేదు. కాళ్లు బిగుసుకోవడం వేరే సంగతి. మెడ దగ్గర వెన్నుపాము నలిగితే మెదడు నుంచి కాళ్లకు దిగే కార్టికోస్పైనల్, రెటిక్యులోస్పైనల్ తంతువులు దెబ్బతింటాయి. పై నుంచి అదుపు తగ్గిన వెన్నుపాము రిఫ్లెక్సులు పెరిగి కాళ్లు బిగుస్తాయి. చెప్పు జారినా తెలియకపోవడం వెనుక భాగంలోని డార్సల్ కాలమ్స్ సంగతి. గుండీ పెట్టుకోలేకపోవడం చేతి నరాలకు సంబంధించిన మెడ సెగ్మెంట్ల సంగతి. ఈ మూడూ కలిసి వస్తే నొక్కుడు మెడలో ఉందని ముందుగా అనుమానిస్తాం.

మూత్రం ఆపుకోలేకపోవడం గానీ రాకపోవడం గానీ మొదలైతే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

నల్లగొండ అనాటమీ సార్

మా జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని నీటి శుద్ధి పద్ధతి ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాన్ 2015లో వేశాక కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి, కొత్త తరం పిల్లలకు అది పెద్ద ఊరట. పాత తరం ఎముకల్లో చేరింది మాత్రం నీళ్లు మారినంత మాత్రాన పోదు. ఇక్కడ వైద్యం చదివే ప్రతి ఒక్కరూ వెన్నుపాము అడ్డుకోతను శ్రద్ధగా నేర్చుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మన ఓపీకి వచ్చేది ఆ బొమ్మే.

మిర్యాలగూడ ఫిజియో

వెన్నుపాము అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది గీత కార్మికులు. మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డవాళ్లు. ఛాతీ, నడుము కలిసే చోట, టీ12 (ఛాతీ చివరి పూస), ఎల్1 (నడుము మొదటి పూస) దగ్గర పూస విరగడం ఎక్కువగా చూస్తాం. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 మధ్య ముగుస్తుంది కాబట్టి దెబ్బ సరిగ్గా దాని కొస మీద పడుతుంది. కాళ్లు పడిపోతాయి.

నేను అర్థం చేసుకోలేకపోయేది ఒకటుంది. కాళ్లలో స్పర్శ లేదు. సూది గుచ్చినా తెలియదు. అయినా రాత్రిపూట కాళ్లు మండుతున్నాయి, కరెంటు కొట్టినట్టుంది అని ఏడుస్తారు. ఇంట్లోవాళ్లు నమ్మరు, స్పర్శే లేని కాలు ఎట్ల నొప్పి పెడుతుందని తిడతారు. దీనికి మధ్యమెదడుతో సంబంధం ఉందా?

మత్తు డాక్టర్ (సూర్యాపేట)

ఉంది. నేను రోజూ పని చేసేది ఈ దారి మీదే కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తాను.

అనాటమీ సార్ పీఏజీ అన్నారు కదా. వెన్నుపాము నుంచి నొప్పి కబురు అక్కడికి చేరుతుంది. పీఏజీ దాన్ని విని ఊరుకోదు, జవాబిస్తుంది. 1969లో రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదడులో ఆ భాగానికి సన్నటి తీగతో విద్యుత్తు ఇచ్చి, మత్తు మందు లేకుండా పొట్ట ఆపరేషన్ చేశాడు. ఎలుకలు నొప్పి చూపలేదు. నొప్పి అనేది కింది నుంచి పైకి ఒకే దిక్కున పోయే సమాచారం కాదని అంతకుముందే, 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు వాదించారు. రేనాల్డ్స్ ప్రయోగం పై నుంచి దిగే అదుపు ఎక్కడ మొదలవుతుందో చూపింది.

దారి ఇది. పీఏజీ నుంచి తంతువులు మెడుల్లా నడిమి గీతలో ఉన్న న్యూక్లియస్ రాఫే మాగ్నస్‌కు దిగుతాయి. అక్కడి న్యూరాన్లు సెరటోనిన్ వాడతాయి. పాన్స్‌లోని లోకస్ సెరూలియస్ వైపు నుంచి నార్‌అడ్రినలిన్ దారి కలుస్తుంది. ఇవి వెన్నుపాము వెనుక-పక్క భాగంలోంచి దిగి, వెనుక కొమ్ము మొదటి రెండు పొరల దగ్గర ముగుస్తాయి. అక్కడ ఎన్‌కెఫలిన్ (శరీరం తానే తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి పదార్థం) విడుదల చేసే చిన్న న్యూరాన్లు ఉంటాయి. నొప్పి కబురు మొదటి న్యూరాన్ నుంచి రెండోదానికి చేతులు మారే చోటే ఇవి దాన్ని తగ్గిస్తాయి. ఎన్‌కెఫలిన్‌ను హ్యూజెస్, కోస్టర్‌లిట్జ్ 1975లో కనుగొన్నారు. మార్ఫిన్ పీఏజీలోనూ పని చేస్తుంది, వెనుక కొమ్ములోనూ పని చేస్తుంది. ఎపిడ్యూరల్‌లో (వెన్నుపాము పొరల బయట ఇచ్చే ఇంజెక్షన్‌లో) కొద్ది మార్ఫిన్‌తోనే ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికి కారణం, ఆ వెనుక కొమ్ము గ్రాహకాలకే నేరుగా ఇస్తున్నాం కాబట్టి.

యుద్ధంలో ఘోరంగా గాయపడ్డ సైనికుల్లో చాలామంది నొప్పి మందు అడగలేదని డాక్టర్ హెన్రీ బీచర్ 1946లో రాశాడు. మన ఊళ్లలో కూడా యాక్సిడెంట్ అయిన మనిషి విరిగిన చేతితోనే పక్కవాళ్లను బయటికి లాగి, ఆసుపత్రికి వచ్చాక గానీ చెయ్యి నొస్తోందని అనడు. మెదడుకు ఆ క్షణంలో ప్రాణం ముఖ్యం, నొప్పిని కింద తగ్గించమని పీఏజీ ద్వారా చెప్తుంది.

ఇక ఫిజియో గారి ప్రశ్న. పూస విరిగి వెన్నుపాము తెగిందంటే పైకి పోయే కబురే కాదు, కిందికి దిగే ఈ అదుపు కూడా ఆగిపోతుంది. దెబ్బ కింది భాగంలోని వెనుక కొమ్ము న్యూరాన్లకు నిదానించమని చెప్పేవాళ్లు లేరు. అవి అతిగా స్పందించడం మొదలుపెడతాయి. దెబ్బ అంచున ఉన్న న్యూరాన్లు తమంతట తామే సంకేతాలు పంపుతాయి. పైన థాలమస్‌లో కూడా, అలవాటైన సమాచారం రాక మార్పులు వస్తాయి. ఇవన్నీ కలిసి మెదడుకు కాళ్ల మంటగా అందుతాయి. నొప్పి నిజమైనది. ఇంట్లోవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి: ఆయన నటించడం లేదు.

మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ పెంచే అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటివీ, న్యూరాన్ల ఉద్రేకం తగ్గించే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివీ వాడతాం. డాక్టర్ చూసి మోతాదు పెట్టాలి, మెడికల్ షాపులో అడిగి వేసుకునేవి కావు.

మిర్యాలగూడ ఫిజియో

ఈ ఒక్క జవాబు నాకు ఇద్దరు పేషెంట్ల ఇళ్లలో పనికొస్తుంది సార్. నిద్ర పట్టని రోజుల్లో మంట ఎక్కువంటారు, టెన్షన్ పెరిగినా ఎక్కువంటారు. దానికి కూడా ఇదే కారణమా?

మత్తు డాక్టర్ (సూర్యాపేట)

అదీ ఈ వ్యవస్థే. పీఏజీకి పై నుంచి హైపోథాలమస్, అమిగ్డలా, మెదడు ముందు భాగం నుంచి సమాచారం వస్తుంది. భయం, దిగులు, నిద్రలేమి అన్నీ అక్కడ లెక్కలోకి వస్తాయి. ఇంకొక సంగతి, కిందికి దిగే దారి నొప్పిని తగ్గించడమే కాదు, కొన్నిసార్లు పెంచుతుంది కూడా. మెడుల్లాలోని ఆ కేంద్రంలోనే రెండు రకాల కణాలు ఉన్నాయి. అందుకే నిద్ర, భయం సంగతి అడగడం కూడా నొప్పి వైద్యంలో భాగం.

పాలమూరు పిల్ల

ఒక్కసారిగా ఇంత దొరుకుతుందనుకోలేదు. సార్, చివరగా పరీక్ష ప్రశ్న: మధ్యమెదడు అడ్డుకోత రెండు ఎత్తుల్లో వేయమంటారు. ఈ ట్రాక్టులు ఏ బొమ్మలో ఎక్కడ పెట్టాలి?

నల్లగొండ అనాటమీ సార్

ఇన్ఫీరియర్ కాలిక్యులస్ ఎత్తులో నాలుగో నాడి కేంద్రకం, చిన్నమెదడు నుంచి వచ్చే సుపీరియర్ పెడంకుల్స్ దాటుకోవడం వేయాలి. లెమ్నిస్కస్‌లు నడుమ నుంచి బయటికి మీడియల్, ట్రైజెమినల్, స్పైనల్, లాటరల్ వరుసలో ఉంటాయి. స్పైనోటెక్టల్ ఆ స్పైనల్ లెమ్నిస్కస్‌లోనే, స్పైనోథాలమిక్‌తో కలిసి ఉంటుంది, విడిగా గీయకు.

సుపీరియర్ కాలిక్యులస్ ఎత్తుకు వచ్చేసరికి లాటరల్ లెమ్నిస్కస్ ఉండదు, అది వినికిడిది, కింద ఇన్ఫీరియర్ కాలిక్యులస్‌లోనే ముగిసింది. ఈ బొమ్మలో మూడో నాడి కేంద్రకం, రెడ్ న్యూక్లియస్, రెండు డికసేషన్లు. వెనకది టెక్టోస్పైనల్‌ది, ముందుది రూబ్రోస్పైనల్‌ది. పీఏజీ, సబ్‌స్టాన్షియా నైగ్రా, క్రస్ రెండు బొమ్మల్లోనూ ఉంటాయి. పీఏజీని ఖాళీ వలయంలా వదిలేస్తారు చాలామంది. మత్తు డాక్టర్ గారు రాసింది చదివాక నువ్వు అలా వదలవని అనుకుంటున్నా, అందులోంచి కిందికి ఒక బాణం గీసి రాఫే మాగ్నస్ అని రాయి.

మునుగోడు వాసి

పీజీ సార్, నాయినకు అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఇంకొకటి అడగాలి. మా దగ్గర మెడ పట్టేస్తే మంగలి షాపులో విరిపించుకునే అలవాటుంది. నాయిన రేపు పోతానంటున్నాడు, కాస్త సడలుతుందని. పంపించొచ్చా?

న్యూరో పీజీ

అస్సలు వద్దన్నా. ఎముక పెరిగి వెన్నుపాముకు మిగిలిన సందు మిల్లీమీటర్లలో ఉండొచ్చు. ఒక్కసారి మెడ విసురుగా తిప్పితే ఉన్న నడక కూడా పోయే ప్రమాదం ఉంది. స్కాన్ చూసేదాకా మసాజ్, మెడ లాగడం ఏదీ వద్దు. కింద పడకుండా బాత్‌రూంలో పట్టుకోవడానికి ఏదైనా పెట్టించండి, రాత్రి లేస్తే లైటు వేసి తోడు వెళ్లండి. ఆసుపత్రికి పోయేటప్పుడు పాత ఎక్స్‌రేలు ఉంటే అన్నీ పట్టుకుపోండి. మెడ ఎంఆర్ఐ రాస్తే వెన్ను మొత్తం కూడా ఒకసారి చూడమని అడగండి, ఫ్లోరోసిస్‌లో నొక్కుడు ఒక్కచోటే ఉండాలని లేదు.

మునుగోడు వాసి

సరే సార్. ఇప్పుడే చెప్పి ఆపుతా.